పేరు లేని చెప్పును వెనక్కి ఎలా పిలుస్తాం?

"రీకాల్" అనే మాటకు తెలుగులో ఏమనాలి? మొన్న క్లబ్ మీటింగ్‌లో ఈ ప్రశ్న వేస్తే ఒకరు "ఉపసంహరణ" అన్నారు, ఒకరు "వాపసు" అన్నారు. ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఆ రెండూ కొంచెం బరువుగా అనిపించాయి. "వెనక్కి పిలవడం" అంటే చాలదా? అమ్మేసిన వస్తువులో ప్రమాదం ఉందని తర్వాత తెలిస్తే, కంపెనీ దాన్ని కొన్నవాళ్ళ ఇళ్ళ నుంచి వెనక్కి పిలుస్తుంది. డబ్బు తిరిగిస్తుంది, లేదంటే బాగుచేసి ఇస్తుంది, లేదంటే కొత్తది ఇస్తుంది. కార్ల విషయంలో, ఫోన్ల విషయంలో ఇది వింటూనే ఉంటాం. 2015 జూన్‌లో మ్యాగీ ప్యాకెట్లు షాపుల్లోంచి మాయమైనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అది రీకాల్ అని అప్పుడు తెలీదు, మ్యాగీ దొరకట్లేదని మాత్రం తెలుసు.

ఈ వ్యాసం కార్ల గురించీ, నూడుల్స్ గురించీ కాదు. ఏడాది, రెండేళ్ళ పిల్లలు వేసుకునే చెప్పుల గురించి. ఆ చెప్పు మీద అతికించిన పువ్వు, పూస, మెరిసే రాయి, మడమలో పెట్టిన పీక ఊడి గొంతులో పడితే ఏమవుతుందన్న దాని గురించి. మన భాషలో ఊదేదీ పీకే, గొంతూ పీకే. ఒక పీక ఇంకో పీకలో పడకూడదన్నదే నా గొడవ.

ముందుగా, చెప్పు ఎందుకు? పెద్దవాళ్ళకు చెప్పు కాలికి వేసుకునేది. ఏడాది పిల్లకు అది చేతికి అందే వస్తువు. చంకలోంచి దించి కూర్చోబెట్టగానే ముందు చేసే పని దాన్ని లాగడం, తర్వాత నోట్లో పెట్టుకోవడం. పళ్ళు వస్తున్న వయసు కాబట్టి ఏది దొరికితే అది కొరుకుతారు. ఆ వయసులో శ్వాసనాళం సన్నగా ఉంటుంది, వెనక పళ్ళు పూర్తిగా వచ్చి ఉండవు, దగ్గి బయటికి తోసే బలం తక్కువ. అందుకే శ్వాసనాళంలో ఏదో ఇరుక్కునే ప్రమాదాలు ఒకటి నుంచి మూడేళ్ళ మధ్యే ఎక్కువ. మన దేశంలో డాక్టర్లు పిల్లల ఊపిరితిత్తుల దారిలోంచి తీసేవాటిలో వేరుశనగ గింజలు ముందుంటాయి.

మా పలాస వైపు జీడిపప్పు పొట్టు తీసే పని చాలామంది ఆడవాళ్ళది. పని చేసేటప్పుడు పాకే పిల్లను దూరంగా కూర్చోబెట్టడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. పలుకు మింగేస్తుందేమో అని భయం. గింజ విషయంలో ఎవరూ నేర్పకుండానే ఉన్న ఆ జాగ్రత్త చెప్పు విషయంలో లేదు. ఎందుకంటే చెప్పు తినే వస్తువు కాదు, ఆట వస్తువూ కాదు. రెండు జాబితాల మధ్యలోంచి జారిపోయింది. చట్టాల్లో కూడా అది అలాగే జారిపోయింది. అదెలాగో చెప్తాను.

అమెరికాలో పిల్లల వస్తువుల విషయాన్ని ఒక చిన్న గొట్టంతో తేలుస్తారు. దాని వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అడుగు ఏటవాలుగా ఉంటుంది, లోతు ఒక పక్క 25.4, ఇంకో పక్క 57.1 మిల్లీమీటర్లు. మూడేళ్ళ లోపు పిల్లల కోసం అమ్మే వస్తువు గానీ, పడేసి, లాగి, మెలిపెట్టి చూసినప్పుడు దాన్నుంచి ఊడిన ముక్క గానీ ఆ గొట్టంలో పూర్తిగా ఇమిడిపోతే ఆ వస్తువు అమ్మడానికి వీల్లేదు. మన ఆటబొమ్మల ప్రమాణం ఐఎస్ 9873లో కూడా ఇదే గొట్టం ఉంది.

కానీ అమెరికా నిబంధనలో ఒక మినహాయింపు ఉంది. పిల్లల బట్టలు, వాటికి సంబంధించిన గుండీలు, లేసు బిగించే క్లిప్పుల లాంటివి ఆ నిషేధం కిందికి రావు. గుండీ లేకుండా చొక్కా కుట్టలేం కదా! మరి అక్కడ పిల్లల చెప్పులు ఎలా ఆగుతున్నాయి? రీకాల్ వల్ల. తన వస్తువులో పెద్ద ప్రమాదానికి దారితీసే లోపం ఉందని తెలిసిన కంపెనీ 24 గంటల్లోగా కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్‌కు చెప్పాలి. 2020 జనవరిలో టార్గెట్ స్టోర్లు పసిపిల్లల యూనికార్న్ బూట్లను వెనక్కి తీసుకున్నది ఈ దారిలోనే. బూటు ముందు భాగంలో ఉన్న కొమ్ము ఊడొస్తోందని, పిల్లల గొంతుకు అడ్డం పడొచ్చని కారణం చెప్పారు. అక్కడి రీకాల్ నోటీసుల్లో తరచుగా ఒక వాక్యం కనిపిస్తుంది: "గాయాలేవీ మా దృష్టికి రాలేదు." నాకు ఆ వాక్యం చాలా ముఖ్యమనిపించింది. పిల్లకు ఏదో అయ్యాక కాదు, ముక్క ఊడిందని తెలియగానే పిలుస్తున్నారు.

అంటే ముందస్తు పరీక్ష పట్టుకోలేని వస్తువుకు రీకాల్ రెండో వల. మన దగ్గర ఆ రెండో వల ఉందా?

కాగితం మీద ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 20వ సెక్షన్ ప్రకారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి తీసుకోమని, కొన్నవాళ్ళకు డబ్బు తిరిగివ్వమని ఆదేశించవచ్చు. ఈ సంస్థ 2020 జూలైలో ఏర్పడింది. ఊరికే కూర్చోలేదు కూడా. 2022 ఆగస్టులో, ప్రమాణాలకు తగ్గట్టు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మారని అమెజాన్‌ను పట్టుకుంది. అమ్మిన 2,265 కుక్కర్లు కొన్నవాళ్ళందరికీ కబురు చెప్పండి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బులివ్వండి, లక్ష రూపాయలు జరిమానా కట్టండి అని ఆదేశించింది. అమెజాన్ దాని మీద కోర్టుకు వెళ్ళింది, అది వేరే కథ. ఆటబొమ్మల విషయంలోనూ అంతే. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. 2023 జనవరిలో పెద్ద పెద్ద షోరూముల్లో సోదాలు చేసి ఆ గుర్తు లేని 18,600 బొమ్మలను స్వాధీనం చేసుకున్నారు. చెప్పులకు కూడా 2024 ఆగస్టు నుంచి క్వాలిటీ ఆర్డర్లు అమల్లోకి వచ్చాయి, చిన్న తయారీదారులకు మినహాయింపులతో.

ఇప్పుడు 2,265 అన్న అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగండి. రెండు వేల చిల్లర అని కాదు, సరిగ్గా 2,265. అంత కచ్చితంగా ఎలా తెలిసింది? ప్రతి కుక్కర్ వెనకా ఒక ఆర్డర్ నంబర్, ఒక ఫోన్ నంబర్, ఒక అడ్రస్ ఉన్నాయి కాబట్టి.

ఇక కాశీబుగ్గ బజారుకు రండి. పిల్లల చెప్పులు గుత్తులు గుత్తులుగా దారానికి వేలాడుతుంటాయి. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతరలో, కార్తీక సోమవారాల్లో రావివలస ఎండల మల్లన్న గుడి దగ్గర, బొమ్మల పక్కనే పట్టా పరిచి పోసేస్తారు. అడుగేస్తే పీపీ మని మోగేవి, వెలిగేవి, మీద ప్లాస్టిక్ పువ్వు ఉన్నవి, సీతాకోకచిలుక ఉన్నవి. అట్టను తిప్పి చూస్తే సైజు అంకె ఒక్కటే ఉంటుంది, నాలుగో ఐదో. ఎవరు చేశారో లేదు, ఎప్పుడు చేశారో లేదు. ఈ వ్యాసం కోసం ఒక చెప్పుల ఆయన్ని బిల్లు ఇస్తారా అని అడిగాను. "నూట ఇరవై రూపాయల సెప్పులకి బిల్లేటమ్మా?" అని నవ్వేశారు. సరుకు ఎక్కడి నుంచి వస్తుందంటే, "బరంపురం నుంచి వొకాయన ఏసుకొస్తాడు" అన్నారు. ఆ ఒకాయనకు ఎవరిచ్చారో ఈయనకు తెలీదు. ఆయన తప్పేం లేదు, ఆయన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మా అక్క కూతురికి ఏడాదిన్నర. దానికి ఇలాంటి పీపీ చెప్పులే కొన్నారు. వారం తిరక్కుండా కుడి చెప్పు మోగడం మానేసింది. మడమ దగ్గర ప్లాస్టిక్ చీలి, లోపలి పీక బయటికొచ్చింది. చిటికెన వేలి గోరు కన్నా కొంచెం పెద్దది. అది నోట్లో ఉండగా మా అమ్మమ్మ చూసి తీసేసింది కాబట్టి సరిపోయింది. నన్ను ఆలోచింపజేసింది ఆ తర్వాత జరిగింది. అమ్మమ్మ ఆ పీకను పెంటలో పారేసింది, చెప్పులను మాత్రం కడిగి అటక మీద పెట్టింది, ఇంకో బిడ్డకు పనికొస్తాయని. ఎడమ చెప్పులో పీక అలాగే ఉంది. ఎవరికి చెప్పాలి? చెప్పినా, ఇలాంటివే కొన్న మిగతా వాళ్ళెవరో ఎలా తెలుస్తుంది?

నేను సీఎస్ఈ చదువుతున్నాను కాబట్టి నాకు ఇది ఇలా అర్థమవుతుంది. రీకాల్ అంటే ఒక క్వెరీ. "ఫలానా కంపెనీ, ఫలానా నెలలో చేసిన, ఫలానా మోడల్ చెప్పులు ఎవరి దగ్గరున్నాయో చూపించు." దానికి జవాబు రావాలంటే టేబుల్‌లో ప్రతి వరుసకూ ఒక గుర్తింపు ఉండాలి. ప్రైమరీ కీ లేని టేబుల్ మీద ఎంత గొప్ప క్వెరీ రాసినా ఏ చెప్పు ఏదో తేలదు. మన చట్టం మంచి క్వెరీ. మన బజారు కీ లేని టేబుల్. అందుకే నేననేది, కొత్త చట్టం కన్నా ముందు కావాల్సింది చెప్పుకు ఒక పేరు. పేరు లేనిదాన్ని వెనక్కి ఎలా పిలుస్తాం?

"ఇవన్నీ పెద్ద ఊళ్ళ మాటలు. లేబుళ్ళు, రికార్డులు అంటే పట్టా పరుచుకునేవాడి పొట్ట కొట్టడమే" అని మా రూమ్మేట్ వాదించింది. ఆ మాటలో నిజం ఉంది. మన దగ్గర ఏ రూల్ వచ్చినా మొదట దెబ్బ తినేది అందరికన్నా చిన్నవాడే. జాతరలో రెండు రోజులు అమ్ముకునే మనిషిని రిజిస్టర్ రాయమంటే నేనే ఒప్పుకోను. కానీ భారం ఆయన మీద పెట్టాల్సిన పని లేదు. సైజు అంకె అట్ట మీద ఎలా వస్తోంది? అచ్చులోనే ఉంది కాబట్టి. అదే అచ్చులో తయారీదారు పేరు, నెల, సంవత్సరం చెక్కితే ప్రతి చెప్పు మీదా వాటంతటవే పడతాయి.

ఇది కొత్త విద్య కూడా కాదు. మీ హాస్టల్ బకెట్ తిప్పి అడుగున చూడండి. చాలా వాటికి గడియారం లాంటి గుండ్రటి ముద్ర ఉంటుంది. చుట్టూ ఒకటి నుంచి పన్నెండు అంకెలు, మధ్యలో సంవత్సరం, ఒక బాణం. అది తయారైన నెల. అచ్చులో తిప్పి పెట్టే చిన్న బిళ్ళ అది. మెకానికల్ వాళ్ళను అడిగితే చెప్తారు. స్నానం చేసే బకెట్‌కు పుట్టిన నెల ఉంది, పాప కాలి చెప్పుకు లేదు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద తయారీదారు పేరు, అడ్రస్, నెల ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెప్తున్నాయి. అందుకే ఐదు రూపాయల బిస్కట్ ప్యాకెట్ మీద కూడా అవి ఉంటాయి. దారానికి వేలాడే చెప్పు ప్యాకెట్ కాదు కాబట్టి అది ఇక్కడా జారిపోతుంది.

ఇంకో ప్రశ్న రావచ్చు. చెప్పు మీద పేరున్నా, కొన్నవాళ్ళ పేర్లు లేవు కదా? బజారులో ఎప్పటికీ ఉండవు. ఉండాల్సిన అవసరమూ లేదు. కొన్న మనిషిని కనిపెట్టలేనప్పుడు ఊరికి చెప్పాలి. మన జిల్లాలో ఊరికి చెప్పే దారులు చాలా ఉన్నాయి. మూడేళ్ళ లోపు పిల్లలున్న ప్రతి ఇల్లూ అంగన్‌వాడీ టీచర్‌కు తెలుసు. టీకాల రోజున తల్లులందరూ ఒకచోట చేరతారు. ఊళ్ళో సచివాలయం ఉంది, ఆశా కార్యకర్త ఉంది, వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. తుఫాను వస్తుందంటే ఉద్దానం తీరంలో చివరి పల్లె దాకా గంటల్లో కబురు వెళ్తుంది. "పసుపు సీతాకోకచిలుక ఉన్న ఫలానా పేరు చెప్పులు పిల్లలకు వేయకండి" అన్న రెండు లైన్ల తెలుగు మెసేజ్ వెళ్ళలేదా? కానీ ఆ మెసేజ్‌లో "ఫలానా పేరు" అన్నచోట రాయడానికి ఏదో ఒకటి ఉండాలి.

పెద్ద కంపెనీల రీకాల్ కూడా ఇక్కడికి వచ్చేసరికి తెగిపోతుందని మర్చిపోకూడదు. అమెరికాలో ఉన్న మామయ్యలు, పిన్నులు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పిల్లలకు బూట్లు తెస్తారు. రీకాల్ వస్తే ఈమెయిల్ వాళ్ళకు వెళ్తుంది. బూట్లు మాత్రం టెక్కలిలో ఒకరికి చిన్నవై, సోంపేటలో ఇంకొకరి కాలికి వెళ్ళి ఉంటాయి. మన ఇళ్ళల్లో చెప్పు ఒక్కరిది కాదు. అందుకే కబురు కొన్న మనిషికి కాదు, ఊరికి రావాలంటున్నాను.

మన ప్రాంతానికి ఇది ఎందుకు ఇంకా ముఖ్యమంటే, దూరం. శ్వాస పూర్తిగా మూసుకుపోతే మెదడు కొన్ని నిమిషాలే తట్టుకుంటుంది. పలాస నుంచి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌కు రైలు దారిలో 73 కిలోమీటర్లు, విశాఖకు 200 పైన. మధ్యలో ఎంత మంచి ఆసుపత్రి కట్టినా ఆ నిమిషాల్లో అందదు. ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలో ఏళ్ళ తరబడి కారణం కోసం వెతుకుతున్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి కూడా మొదలయ్యాయి. అయినా ఒక్క మాటలో చెప్పగలిగే కారణం ఇంకా దొరకలేదు. ఇది అలాంటి కష్టం కాదు. ఇక్కడ కారణం తెలుసు, కొలత మిల్లీమీటర్లతో సహా తెలుసు, ఆపే దారి తెలుసు. తెలిసినదాన్ని వదిలేయడమే నాకు అర్థం కాదు.

మరి మనం ఏం చేయగలం? నాకు తోచినవి చెప్తాను.

ఒకటి, ఇంట్లో చేసేది. పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు, అంటే ఆ గొట్టం కన్నా చిన్నది. చెప్పు మీది పువ్వు, పూస, బొమ్మ ఏదైనా ఆ బిళ్ళంతో, దానికన్నా చిన్నగానో ఉంటే, కొనే ముందే గట్టిగా లాగి, మెలిపెట్టి చూడండి. కదిలితే కొనకండి. ఇంట్లో ఉన్నవాటికి కత్తెర వేసి ముందే తీసేయండి. పువ్వు లేకపోయినా పాప నడుస్తుంది. పీపీ చెప్పులూ, వెలిగే చెప్పులూ మూడేళ్ళ లోపు వద్దు. వెలిగేవాటిలో బటన్ బ్యాటరీ ఉంటే ఇంకా ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు.

రెండు, ఇరుక్కుంటే చేసేది. పాప గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, ఏడుపు రాకపోతే, ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని భుజాల మధ్య ఐదు దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో ఐదు నొక్కులు, బయటికి వచ్చేదాకా ఇదే. ఏడాది దాటితే వీపు మీద దెబ్బలు, తర్వాత బొడ్డుకు కొంచెం పైన లోపలికి, పైకి నొక్కడం. పక్కనున్నవాళ్ళు 108కి ఫోన్ చేయాలి. కనిపించనిదాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది ప్రతి అంగన్‌వాడీలో ఒక బొమ్మ మీద చేసి చూపించాలి.

మూడు, అడగడం. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. ముక్క ఊడితే పారేయకండి, చెప్పుతో సహా ఫోటో తీసి పెట్టండి. 2019 చట్టం ప్రకారం ఇలాంటి ఫిర్యాదు జిల్లా కలెక్టర్‌కు కూడా ఇవ్వొచ్చు, విచారణ చేసే అధికారం ఆయనకు ఉంది. గాయమయ్యేదాకా ఆగాల్సిన పని లేదు.

నాలుగోది మన పని. మన ల్యాబ్‌లో త్రీడీ ప్రింటర్ ఉంది. ఆ గొట్టం కొలతలు పైన ఇచ్చాను. ఒక గంటలో ప్రింట్ అయిపోతుంది. ఈసారి కొత్తమ్మ తల్లి జాతరకు ఎలాగూ సగం కాలేజీ వెళ్తుంది. ఒక ఇరవై జతల పిల్లల చెప్పులు కొందాం. లాగుదాం, పడేద్దాం, ఊడినవి గొట్టంలో వేద్దాం. ఎన్ని పడ్డాయో, ఎన్నింటి మీద పేరుందో రాసుకుందాం. అమ్మేవాళ్ళ పేర్లు వద్దు, వాళ్ళతో మనకు గొడవ లేదు. ఆ కాగితం, ఊడిన ముక్కలు ఒక డబ్బాలో పెట్టి, శ్రీకాకుళం కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇద్దాం. చెప్పు అట్ట మీద తయారీదారు పేరు, నెల ఉండాలని ఒకే ఒక్క కోరిక రాద్దాం. వచ్చేవాళ్ళు క్లబ్ గ్రూపులో పేరు ఇవ్వండి.